ఒక్క రోజులో రామప్ప, బొగత: బండి మాట్లాడుకుని హాయిగా చూసి రావడం ఎలా?

వానలు పడటం మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: "హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరితే రామప్ప గుడి, బొగత జలపాతం రెండూ చూసుకుని రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చా?" రావచ్చు. కానీ హైదరాబాద్ నుంచి హనుమకొండే దాదాపు 145 కిలోమీటర్లు, అక్కణ్నుంచి బొగత ఇంకో 140. రానూపోనూ, రామప్ప కోసం పక్కకు తిరిగేది కూడా కలుపుకుంటే 600 కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. అంత దూరం తిరిగితే గుడిలో అరగంట, జలపాతం దగ్గర అరగంట మిగులుతుంది. మిగతా రోజంతా కారు సీటుకే అతుక్కుని ఉండాలి.

అందుకే నేను అందరికీ చెప్పేది ఇదే. ముందురోజు రాత్రికి హనుమకొండ చేరండి. బండి అక్కడే మాట్లాడుకోండి. అప్పుడు తిరిగేది 300 కిలోమీటర్లకు అటూ ఇటూగానే. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే రాత్రి ఎనిమిదికల్లా తిరిగి రావచ్చు, చూడాల్సినవి తీరిగ్గా చూడొచ్చు. ఇక్కడ రాసిందంతా ఆ లెక్కమీదే.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

చిల్లర నోట్లతో కలిపి ఓ రెండు వేలు నగదు. బొగత దారిలో ఏటూరునాగారం దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పార్కింగ్‌కో టికెట్‌కో ఫోన్‌పే చేద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది. మడమకు పట్టీ ఉన్న చెప్పులు (హవాయి చెప్పులు వద్దు, ఎందుకో కింద చెప్తాను). ఒక్కొక్కరికి ఒక జత పొడి బట్టలు, తువ్వాలు. రెండు లీటర్ల నీళ్లు. గొడుగు కంటే రెయిన్ కోటు నయం, చేతులు ఖాళీగా ఉంటాయి. దారి మ్యాప్‌ను ఇంటి దగ్గరే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పిల్లలుంటే వాంతుల మాత్రలు కూడా.

1. ముందు నెల చూసుకోండి, ఆ తర్వాతే తేదీ

బొగత ఏడాదంతా ఒకేలా ఉండదు. జూలై, ఆగస్టుల్లో నీళ్లు ఉరికి పడతాయి. చూడటానికి అదే గొప్పగా ఉంటుంది కానీ ఉధృతి ఎక్కువైతే అటవీ శాఖ వాళ్లు లోపలికి పంపరు. సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ చివరి దాకా నాకు బాగా నచ్చిన కాలం. నీళ్లు నిండుగానే ఉంటాయి, ఎరుపు తగ్గి తేటపడతాయి, గేటు మూసి ఉండే రోజులూ తక్కువ. వేసవిలో వెళ్తే ఎక్కువగా బండరాళ్లే కనిపిస్తాయి.

వారం మధ్యలో కుదిరితే వెళ్లండి. ఆదివారం బొగత దగ్గర పార్కింగ్‌కే గంట పోతుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఆ రోజుల్లో ఈ దారిలో విహారయాత్ర ఆలోచనే పెట్టుకోవద్దు. రోడ్డంతా జాతర బండ్లే ఉంటాయి.

2. హనుమకొండ చేరడం

సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్లకు కాజీపేట స్టేషన్ దగ్గర. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు వరంగల్‌లో దిగండి. రెండు చోట్ల నుంచీ హనుమకొండకు ఆటోలు, బస్సులు దొరుకుతూనే ఉంటాయి. సాయంత్రం వెలుతురుండగా చేరితే వేయిస్తంభాల గుడికి వెళ్లండి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం (మూడు గర్భగుళ్ల గుడి) అది. మర్నాడు రామప్ప చూసినప్పుడు, ఈ రెండింటికీ నడుమ యాభై ఏళ్లలో కాకతీయుల శిల్పం ఎంత దూరం వచ్చిందో మీ కళ్లకే తెలుస్తుంది.

ఖమ్మం, కొత్తగూడెం వాళ్లకు హనుమకొండ దాకా రావాల్సిన పని లేదు. మణుగూరు, మంగపేట మీదుగా ఏటూరునాగారం వచ్చేయొచ్చు. అలాగైతే కింద చెప్పిన వరస తిరగేసి, బొగత ముందు, రామప్ప తర్వాత పెట్టుకోండి.

3. బండి మాట్లాడటం

గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. ఓసారి ఒక ట్రావెల్స్‌లో "రోజుకు ఇంత" అని నోటిమాట మీద ఒప్పుకుని వెళ్లాం. తిరిగొచ్చాక 300 కిలోమీటర్లు దాటిందని, డ్రైవర్ బత్తా వేరని, రాత్రి చార్జీ వేరని లెక్క పెంచుకుంటూ పోయారు. మా అమ్మ రోడ్డుమీద నిలబడి ఉంది, వాదించే ఓపిక లేక అడిగినంతా ఇచ్చేశాను. అప్పటినుంచి బండి ఖాయం చేసేముందు ఇవన్నీ అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాయించుకుంటున్నాను:

- కిలోమీటరుకు ఎంత? రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు? (చాలాచోట్ల 300 అంటారు. మన ప్రయాణం అటూ ఇటూగా అంతే.)
- కిలోమీటర్లు మమ్మల్ని ఎక్కించుకున్న దగ్గర్నుంచి లెక్కిస్తారా, మీ షెడ్డు దగ్గర్నుంచా?
- డ్రైవర్ బత్తా ఎంత? రాత్రి ఎన్ని గంటలు దాటితే అదనం?
- టోల్, పార్కింగ్ ఎవరివి?
- ఏసీ రోజంతా వేస్తారా? విచిత్రంగా ఉంటుంది కానీ ఇదీ అడగాలి.

ఉదాహరణకు కిలోమీటరుకు 14 రూపాయలు చెప్పారనుకోండి. 300 కిలోమీటర్లకు 4,200. బత్తా 400 అనుకుంటే 4,600. టోల్, పార్కింగ్ దానిమీద. నలుగురు పంచుకుంటే మనిషికి పన్నెండు వందల లోపే. మీకు చెప్పిన రేటు పెట్టి ఇదే లెక్క కట్టండి, "ప్యాకేజీ" అని చెప్పిన మొత్తంతో పోల్చండి. తేడా బాగా ఎక్కువగా ఉంటే ఎందుకో అడగండి.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పసుపు నంబర్ ప్లేటు ఉన్న బండే ఎక్కండి. తెల్ల ప్లేటు బండి వందో రెండొందలో తక్కువకు వస్తుంది. అది కిరాయికి తిప్పే బండి కాదు కాబట్టి, దారిలో జరగరానిది జరిగితే బీమా దగ్గర మీకే చిక్కు. నలుగురి వరకు మామూలు సెడాన్ చాలు. పెద్దవాళ్లు ఉంటే, లేదా ఐదారుగురైతే ఎర్టిగా లాంటిది తీసుకోండి.

డ్రైవర్ ఈ దారిలో ఇంతకుముందు వెళ్లాడో లేదో కనుక్కోండి. వెళ్లినవాడైతే ఎక్కడ టిఫిన్ బాగుంటుందో, ఏ వాగు మీద నీళ్లు వస్తాయో మీరు అడగక్కర్లేకుండానే చెప్తాడు.

4. ముందురోజు సాయంత్రం చేయాల్సిన పని

చాలామంది వదిలేసేది ఇదే. సాయంత్రం ఆరు, ఏడు మధ్య మూడు విషయాలు చూసుకోండి.

ఒకటి, రామప్ప, బొగత రెండూ ఉన్న ములుగు జిల్లాకు వాతావరణ శాఖ హెచ్చరిక ఉందా? ఎల్లో అయితే జాగ్రత్తగా వెళ్లొచ్చు. ఆరెంజ్ అయితే బొగత మానేయండి. రెడ్ అయితే హోటల్ గదిలోనే ఉండండి. ఈ జిల్లా వానను తక్కువ అంచనా వేయకూడదు. 2023 జూలై చివరి వారంలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో వానాకాలం మొత్తంలో పడేదానికి అదేం తక్కువ కాదు.

రెండు, భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంది? 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. బొగతకు వెళ్లాలంటే గోదావరి దాటాలి. భద్రాచలం ఇక్కడికి దిగువన ఉంది, అక్కడ 43 ఉందంటే ఎగువన బొగత ఉన్న వాజేడు, ఏటూరునాగారం వైపు లోతట్టు రోడ్ల మీదికి నీళ్లు వచ్చే రోజులవి. నా నియమం సులువు: మొదటి హెచ్చరిక ఉంటే బొగత లేదు.

మూడు, బొగత ఇవాళ తెరిచి ఉందా? డ్రైవర్‌కు గానీ, మీరు దిగిన హోటల్ వాళ్లకు గానీ వాజేడు వైపు తెలిసినవాళ్లు ఉంటారు, కనుక్కోమనండి. ఆ రోజు తెలుగు వార్తల్లోనూ వస్తుంది. ఒక ఆగస్టులో ఇదేదీ చూసుకోకుండా వెళ్లాం. గేటు మూసి ఉంది. లోపలి నుంచి జలపాతం హోరు వినిపిస్తోంది, మా అక్క కూతురు గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. తప్పు మాదే, ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది.

బొగత కుదరకపోతే రోజేం వృథా కాదు. రామప్ప చూసుకుని, దగ్గర్లోనే ఉన్న గణపురం కోటగుళ్లకు వెళ్లండి. అవీ కాకతీయుల నాటివే. జనం తక్కువ, చెట్ల మధ్య చిన్నా పెద్దా గుళ్ల గుంపు. వెనక్కి వచ్చాక వరంగల్ కోటలో శిలాతోరణాలు చూడండి.

5. ఐదున్నరకు బయల్దేరి ముందు రామప్ప

బండి కదలకముందే మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. డ్రైవర్ చూస్తుండగానే తీయండి, దాచుకుని తీయాల్సిన పని కాదిది.

హనుమకొండ నుంచి ములుగు, అక్కణ్నుంచి జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరిగి వెంకటాపూర్ మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేట. 70 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఏడుకు చేరిపోతారు. పెట్రోల్, డీజిల్ ములుగులోనే నింపించండి.

పొద్దున్నే ఎందుకంటే రెండు కారణాలు. గుడి తూర్పు ముఖంగా ఉంది, ఆ వేళ ఎండ ఏటవాలుగా పడి ఎర్రటి ఇసుకరాయి వెలుగుతుంది. చెప్పులు బయటే విడవాలి, పదకొండు దాటితే ఆవరణలో రాళ్లు కాలిపోతుంటాయి. పెద్దవాళ్లు అడుగు తీసి అడుగు వేయలేరు.

1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అసలు పేరు రుద్రేశ్వరాలయం, చెక్కిన శిల్పి పేరుతో రామప్ప అయిందని చెప్తారు. పునాది కింద ఇసుక పోసి కట్టారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. చరిత్ర ఇంతవరకు చాలు, మిగతాది కళ్లతో చూడండి.

చాలామంది చేసే పొరపాటు, నేరుగా గర్భగుడికి వెళ్లి దండం పెట్టుకుని పదిహేను నిమిషాల్లో బయటపడటం. దర్శనం అయ్యాక బయటికి వచ్చి గుడి చుట్టూ ఒకసారి తిరగండి. చూరు కింద, స్తంభాలకు ఏటవాలుగా ఆనించి నల్లరాతి మదనికలు, అంటే నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు ఉంటాయి. ఒకామె కాలికి మడమ ఎత్తు చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్లు వానలో ఎండలో ఉన్నా ఆ నలుపు ఇంకా అద్దంలా మెరుస్తుంది. మెడలో హారం కూడా రాతిలోనే చెక్కి ఉంటుంది. తల ఎత్తి ఒక్కో బొమ్మ దగ్గర నిమిషం నిలబడండి. తర్వాత రంగమండపంలో స్తంభాల మీది సన్నని రంధ్రాలు చూడండి, సూది మాత్రమే దూరేంతవి. రాయిని తొలిచి అంత పని చేయడానికి ఆ చేతులు ఎన్నాళ్లు కూర్చున్నాయో అని నాకు ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

గైడ్ దొరికితే తప్పకుండా పెట్టుకోండి. ఎంత తీసుకుంటారో ముందే అడగండి. ఒక్క సంగతి మాత్రం బతిమాలి చెప్తున్నాను. ఇక్కడ ఒక శిల్పాన్ని మీటితే సరిగమలు పలుకుతాయని అంటారు. ఎవరైనా తట్టి వినిపిస్తానన్నా వద్దనండి, పిల్లల్ని తట్టనివ్వకండి. రోజుకు కొన్ని వందల మంది తలా ఒక దెబ్బ వేస్తే ఆ రాయి ఏమవ్వాలి? డ్రోన్ ఎగరేయడానికి, స్టాండ్ పెట్టి వీడియో తీయడానికి అనుమతి కావాలి. మామూలుగా ఫోన్‌లో తీసుకోవచ్చు.

సరిచూసుకోండి: తొమ్మిదికల్లా మీరు బండిలో ఉండాలి. తొమ్మిదిన్నర దాటినా ఇంకా గుడి దగ్గరే ఉంటే బాధేం లేదు, తిరుగుదారిలో చూద్దామనుకునే లక్నవరం చెరువును అప్పుడే మనసులోంచి తీసేయండి.

6. రామప్ప నుంచి బొగత

మళ్లీ జంగాలపల్లికి వచ్చి పెద్ద రోడ్డు ఎక్కాలి. ఇది 163 నంబర్ జాతీయ రహదారి. పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం. టిఫిన్ రోడ్డు ఎక్కిన వెంటనే చేసేయండి, తర్వాత తాడ్వాయి అడవిలో చాలాసేపు ఏమీ దొరకదు. ఆ అడవి దారి హాయిగా ఉంటుంది. అద్దాలు దించుకోండి, ఏసీ ఆపించండి. మధ్యలో బండి ఆపి సెల్ఫీల కోసం అడవిలోకి నడవకండి, అది అభయారణ్యం. కోతులకు బిస్కెట్లు వేయకండి.

ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన వస్తుంది. వంతెన దాటి వాజేడు మండలంలో చీకుపల్లి దగ్గర బొగతకు దారి. మధ్యాహ్నం భోజనం సంగతి ఏటూరునాగారంలో ఏదైనా హోటల్ చూసి ముందే చెప్పి వెళ్లండి. తిరిగొచ్చేసరికి రెండు దాటుతుంది, చెప్పకపోతే అన్నం అయిపోయిందంటారు.

7. బొగత దగ్గర

బండి దిగి టికెట్ తీసుకుని కొద్ది దూరం నడిస్తే చాలు. పెద్దవాళ్లూ నిదానంగా వెళ్లగలరు. వెడల్పాటి బండల మీంచి తెల్లగా దూకే నీళ్లు ఎదురుగా కనిపిస్తాయి. తెలంగాణ నయాగరా అంటారు. నాకైతే ఆ పోలిక అక్కర్లేదనిపిస్తుంది, బొగతకు బొగత పేరు చాలు.

ముందు అలాగే నిలబడి ఓ పది నిమిషాలు చూడండి. బట్టలు మార్చుకోవడం, ఫోటోలు ఆ తర్వాత.

ఇక జాగ్రత్తలు. ఒక్కటి కూడా వదలకండి.

- రక్షణ కంచె, తాడు ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకే. నీళ్లలో దిగొద్దని ఆ రోజు చెప్తే దిగొద్దు. "మొన్న మావాళ్లు దిగారు" అన్నది లెక్కలోకి రాదు.
- పాచి పట్టిన బండ తడిగా ఉన్నప్పుడు సబ్బు రాసినట్టు ఉంటుంది. హవాయి చెప్పులతో జారేది ఇక్కడే. మెరుస్తున్న రాయి మీద కాలు పెట్టకండి, గరుకుగా కనిపించే దాని మీద పెట్టండి.
- మీ నెత్తిన ఎండ కాస్తున్నా వాగు పొంగొచ్చు. నీళ్లు వచ్చేది ఎగువ అడవిలోంచి. తేటగా ఉన్న నీళ్లు మట్టిరంగుకు మారుతున్నా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినట్టు అనిపించినా ఆ క్షణమే ఒడ్డెక్కండి. చెప్పుల కోసం, ఫోన్ కవరు కోసం వెనక్కి వెళ్లకండి.
- తాగి ఎవరూ నీళ్ల దగ్గరికి వెళ్లకూడదు. గుంపులో ఇలాంటివాళ్లు ఉంటే ఆ మాట ముందురోజే గట్టిగా చెప్పండి.
- పిల్లల చెయ్యి ఒక పెద్దమనిషి చేతిలో ఉండాలి. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడట్లేదనే.

అక్కడెవరో "ఇంకా పెద్ద జలపాతం ఉంది, అడవిలో నడుచుకుంటూ వెళ్లాలి, తీసుకెళ్తాం" అంటారు. వెళ్లకండి. 2023 జూలైలో ఇదే జిల్లాలో ముత్యాలధార చూడటానికి వెళ్లిన పదుల మంది, తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. చీకట్లో విపత్తు బృందాలు వెళ్లి వాళ్లను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. అనుమతి లేని జలపాతం ఎంత అందంగా ఉన్నా మన జాబితాలో ఉండకూడదు.

సరిచూసుకోండి: పదకొండున్నరకు చేరితే ఒకటిన్నరకు బయటికి. చెత్తంతా మీ సంచిలోనే తిరిగి రావాలి, నీళ్ల సీసా మూతతో సహా.

8. తిరుగు ప్రయాణం, లక్నవరం సంగతి

ఏటూరునాగారంలో భోజనం చేసి మూడింటికల్లా బయటపడితే లక్నవరం చూడొచ్చు. గోవిందరావుపేట మండలంలో పెద్ద రోడ్డు నుంచి లోపలికి వెళ్లాలి. చెరువు మధ్యలో దీవులు, వాటిని కలుపుతూ ఊగే వంతెన. సాయంత్రం వెలుగులో అక్కడ గంట గడపడం బాగుంటుంది.

మూడు దాటి ఏటూరునాగారంలోనే ఉంటే లక్నవరం వదిలేయండి. కారణం చెరువు కాదు, తాడ్వాయి అడవి. చీకటి పడ్డాక ఆ దారిలో దీపాలుండవు, పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి, డ్రైవర్ పొద్దున ఐదింటికి లేచిన మనిషి. ఐదున్నరకల్లా పస్రా దాటి ఉండాలి, చలికాలమైతే ఇంకో అరగంట ముందే. డ్రైవర్ ఆవలిస్తుంటే టీ తాగిద్దామని మీరే ఆపించండి, ఆయన అడగడు.

మల్లూరు హేమాచల నరసింహస్వామిని కూడా ఇదే రోజు చూడొచ్చా అని అడుగుతారు. మంగపేట వైపు వెళ్లాలి, కొండ ఎక్కాలి. స్వామి దగ్గర పది నిమిషాలైనా ప్రశాంతంగా కూర్చోకుండా పరుగెత్తుకు రావడం నాకు ఇష్టం ఉండదు. రెండు రోజులుంటేనే పెట్టుకోండి.

9. లెక్క తేల్చుకోవడం

హనుమకొండలో దిగగానే మీటర్ ఫోటో మళ్లీ తీయండి. పొద్దుటి రీడింగ్ తీసేస్తే మీరు తిరిగిన కిలోమీటర్లు వస్తాయి. 280 నుంచి 310 మధ్య ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే, లక్నవరం వెళ్లి ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. 340 చూపిస్తే ఎక్కడ తిరిగిందో అడగండి. టోల్ రసీదులు చూసి, వాట్సాప్‌లో రాయించుకున్న రేటు ప్రకారం ఇచ్చేయండి. బత్తా ట్రావెల్స్ వాళ్లకు కాకుండా డ్రైవర్ చేతికే ఇవ్వొచ్చా అని ముందే కనుక్కుని ఉంటే మంచిది. ఆ వందలు ఆయనకే చేరతాయి. దిగేముందు సీట్ల కింద ఓసారి చూసుకోండి, తడి బట్టల సంచి ప్రతిసారీ అక్కడే ఉండిపోతుంది.